ఒప్పుకోలు కోసం పన్నెండు గంటలు

కెప్టెన్ హోల్ట్ తెలియనివాళ్ళు ఇక్కడ చదివేవాళ్ళలో తక్కువే ఉంటారనుకుంటాను. 'బ్రూక్లిన్ నైన్-నైన్'లో మొహం మీద ఒక్క గీత కదలకుండా మనల్ని పొట్టచెక్కలయ్యేలా నవ్వించిన పెద్దమనిషి. ఆ సీరీస్ అయిదో సీజన్‌లో 'ద బాక్స్' అని ఒక ఎపిసోడ్ ఉంది. పార్ట్‌నర్‌ని చంపాడని అనుమానమున్న ఒక డెంటిస్టు. అతన్ని రాత్రంతా ప్రశ్నించే హోల్ట్, జేక్. చేతిలో గట్టి సాక్ష్యం లేదు. ఏదో ఒకటి తేలకపోతే వదిలెయ్యాలి. చివరికి జేక్ అతని అహంకారం మీద దెబ్బకొట్టి, హత్య ఎంత తెలివిగా చేశాడో అతని నోటితోనే చెప్పిస్తాడు. ఆ ఒప్పుకోలు వినగానే మనక్కూడా లేచి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ఒక్కణ్ణే గదిలో కూర్చుని చూస్తూ నేను కొట్టాను కూడా. ఆ సంగతి ఒక స్నేహితుడికి మెసేజ్ పెడితే, "అది నకలు. అసలుది చూశాక మాట్లాడు" అని ఇంకో పాత ఎపిసోడ్ పంపించాడు. ఎక్కణ్ణుంచి సంపాదించాడో అడగలేదు. దాన్లోనూ ఒక చిన్న గది, దాన్నీ 'బాక్స్' అనే అంటారు. ప్రశ్నించేది ఆ హోల్టే, అంటే ఆండ్రే బ్రావరే, పాతికేళ్ళు చిన్నవాడు. నవ్వడు, నవ్వించడు. ఎపిసోడ్ అయిపోయాక చప్పట్లు కొట్టలేదు సరికదా, నిద్ర పట్టలేదు.

ఎందుకు పట్టలేదో రాయడానికి నాకింత కాలం పట్టింది. రాయాలంటే ఆ ఎపిసోడ్‌కి నాలుగు నెలల ముందు నేను చేసిన ఒక పని గురించి కూడా చెప్పాలి.

ముందు ఎపిసోడ్ సంగతి. 'హోమిసైడ్: లైఫ్ ఆన్ ద స్ట్రీట్' అనే సీరీస్ 1993 నుంచి 1999 దాకా ఎన్‌బీసీలో ఏడు సీజన్లు నడిచింది. బాల్టిమోర్ పోలీసుల హత్యా విచారణ విభాగం కథ. మూలం డేవిడ్ సైమన్ రాసిన పుస్తకం. అతను అప్పుడు పత్రికా విలేఖరి. 1988లో ఏడాదంతా ఆ డిటెక్టివ్‌ల వెంట తిరిగి, చూసింది చూసినట్టు రాశాడు. తర్వాత 'ద వైర్' తీసిన సైమన్ ఇతనే. మనం మాట్లాడుకోబోయే ఎపిసోడ్ పేరు 'త్రీ మెన్ అండ్ అడీనా'. మొదటి సీజన్‌లోది, 1993 మార్చిలో వచ్చింది. రాసింది టామ్ ఫోంటానా, దీనికే అతనికి ఎమీ వచ్చింది. దర్శకుడు మార్టిన్ కాంప్‌బెల్. తర్వాత 'గోల్డెన్ ఐ', 'కసీనో రాయల్' తీసిన జేమ్స్ బాండ్ కాంప్‌బెల్. ఛేజులు, పేలుళ్ళు తీసి పేరు తెచ్చుకున్న మనిషి ఇక్కడ దాదాపు ఎపిసోడంతా ఒక టేబులు, మూడు కుర్చీలతో లాక్కొచ్చాడు.

ఇక్కణ్ణుంచి కథ మొత్తం చెప్పేస్తున్నాను. దాచిపెట్టాల్సిన ముగింపు దీనికి లేదు కాబట్టి పెద్దగా నష్టం ఉండదు.

అడీనా వాట్సన్ పదకొండేళ్ళ నల్లజాతి పిల్ల. ఒక సందులో వానలో శవమై దొరుకుతుంది. హత్యల విభాగంలో కొత్తగా చేరిన టిమ్ బేలిస్‌కి అదే మొదటి కేసు. వారాలు గడుస్తాయి, ఏమీ తేలదు. అనుమానం ఒక్కడి మీదే: రిస్లీ టకర్. గుర్రబ్బండి మీద పళ్ళూ కూరగాయలూ అమ్ముకునే ముసలాయన. బాల్టిమోర్‌లో ఇలాంటివాళ్ళని ఎరాబర్లు అంటారు, అక్కడ ఇది తరాలుగా నల్లజాతి వాళ్ళు చేస్తున్న పని. అడీనా ఆయన గుర్రం దగ్గర పనిచేస్తూ ఉండేది. ఆయన కొట్టం కాలిపోయింది. పిల్ల బట్టల మీది మసి ఆ కొట్టంలోని మసితో సరిపోలింది. ఉన్నదల్లా ఇంతే. ఆ పిల్ల రోజూ తిరిగే చోటే కదా, మసి అంటుకోవడానికి హత్యే జరగక్కర్లేదు. ఇప్పటికే చాలాసార్లు ప్రశ్నించారు. ఇంకోసారి పిలిస్తే వేధింపు కిందికొస్తుంది. అందుకని లెఫ్టినెంట్ ఒక ఆఖరి అవకాశం ఇస్తాడు. పన్నెండు గంటలు. ఆలోపు ఒప్పుకుంటే కేసు, లేకపోతే ఆయన్ని ఇంక ముట్టుకోకూడదు.

గదిలో బేలిస్, టకర్, ఇంకా ఫ్రాంక్ పెంబుల్టన్. ఈ పెంబుల్టనే మన బ్రావర్. ఇంటరాగేషన్ అంటే అతని దృష్టిలో సేల్స్‌మన్ పని. అమ్మాల్సిన సరుకు జైలు శిక్ష. దాంతో ఏ అవసరమూ లేని కస్టమర్ చేత దాన్ని కొనిపించాలి. సీరీస్ మొదట్లోనే అతను ఈ మాట గొప్పగా చెబుతాడు, మనకి నవ్వొస్తుంది. ఈ ఎపిసోడ్‌లో ఆ అమ్మకం ఎలా జరుగుతుందో దగ్గర్నుంచి చూపిస్తారు.

ముందు మంచినీళ్ళు, కుశలప్రశ్నలు. హక్కుల కాగితం మీద సంతకం. అదేదో స్కూల్ అడ్మిషన్ ఫారమ్ అన్నట్టు పెట్టించేస్తారు. తర్వాత అదే ప్రశ్న పదిరకాలుగా. ఆదివారం ఎక్కడున్నావు, పిల్లని ఆఖరిసారి ఎప్పుడు చూశావు. ఒకడు గదమాయిస్తే ఇంకొకడు బుజ్జగిస్తాడు. ముసలాయన ఎప్పుడో మానేసిన తాగుడుని పైకి లాగుతారు. శవం ఫొటోలు ముందు పరుస్తారు. ఇద్దరూ రెండు పక్కలా చేరి చెవుల్లో మాటలు పోస్తూ ఉంటే ఏ మాట ఎవరిదో మనకే తెలియకుండా పోతుంది. గదిలో ఆవిరి పైపు ఒకటుంది, ముట్టుకుంటే కాలేంత వేడి. ఒక దశలో బేలిస్ ఆ ముసలాయన్ని పట్టుకుని మొహాన్ని దాని దగ్గరికి తోస్తాడు. అక్కడితో ఆగుతుంది.

ఆ పైపు దగ్గర నాకు ఏమనిపించిందో దాచకుండా చెప్పాలి. 'ఆగావేంటి, పెట్టు' అనిపించింది. పూర్తి వాక్యంగా కాదు, ఒళ్ళు కొంచెం ముందుకి వంగింది. అంతే. ఎపిసోడ్ నన్ను అక్కడిదాకా తీసుకొచ్చింది. వానలో తడిసిన పిల్ల శవాన్ని మొదటి ఎపిసోడ్‌లోనే చూశాను. బేలిస్ నిద్రలేక పాడైపోవడం వారం వారం చూశాను. గడియారం తిరిగిపోతోంది. ముసలాయన జవాబులు నీళ్ళు నములుతున్నట్టున్నాయి. ఇంకేం కావాలి?

సరిగ్గా ఇక్కడ ఎపిసోడ్ తిరగబడుతుంది. ఇన్ని గంటలూ కుంగిపోయి కూర్చున్న టకర్ నోరు విప్పుతాడు. ప్రశ్నించేవాళ్ళని తను చదవడం మొదలుపెడతాడు. పెంబుల్టన్‌తో నువ్వు నాలాంటి నల్లవాణ్ణి చూసి సిగ్గుపడతావంటాడు. తెల్లవాళ్ళ మధ్య ఎదిగి, చదువు, భాష, సూటు వేసుకుని, వెనక మిగిలినవాళ్ళని అసహ్యించుకుంటావంటాడు. బేలిస్‌తో నీలో ఒక చీకటి ఉంది, అదంటే నీకే భయం అంటాడు. పోలీసు ఉద్యోగంలో నువ్వు ఒట్టి ఔత్సాహికుడివి, అద్దంలో చూసుకుంటే నీకే తెలుస్తుందంటాడు. ఇద్దరికీ మొహం మీద కొట్టినట్టవుతుంది. మోజెస్ గన్ అనే మహానటుడు ఈ పాత్ర వేశాడు. అదే ఏడాది డిసెంబర్‌లో చనిపోయాడు. ఆయన గొంతు పెంచడు. ఎదటివాళ్ళ అలసట ఎంతుందో చూసి, దానికి సరిపడా మాట్లాడతాడు. ఇంతసేపూ వాళ్ళు ఆయన్ని చేసింది అదే కదా.

చివరి గంటలో టకర్ ఒప్పుకుంటాడు. హత్య మాత్రం కాదు. ఆ పిల్లని ప్రేమించానని. ఆ ప్రేమ తాత మనవరాలిని ప్రేమించినట్టు కాదని. జీవితమంతట్లో తనకి దొరికిన ఒకే ఒక్క ప్రేమ పదకొండేళ్ళ పిల్ల మీద అయిందని, అది ఎంత సిగ్గుమాలిన సంగతో తనకి తెలుసని. చంపలేదంటాడు. ఏడుస్తాడు. టైం అయిపోతుంది.

ఇప్పుడేం చెయ్యాలి మనం? ఈ ముసలాయన్ని చూసి ఒళ్ళు జలదరిస్తుంది. ఇంత ఒప్పుకున్నవాడు అదీ చేసే ఉంటాడు అనిపిస్తుంది. మరుక్షణం, ఇంత ఒప్పుకున్నవాడు అది మాత్రం ఎందుకు దాస్తాడు అనిపిస్తుంది. డిటెక్టివ్‌లు కూడా ఇలాగే చీలిపోతారు, కానీ తారుమారుగా. మొదట్నుంచీ టకర్ మీద నమ్మకం లేని పెంబుల్టన్ బయటికొచ్చి, నువ్వన్నదే నిజం, వాడే చేశాడు అంటాడు. మొదట్నుంచీ టకరే అని ప్రాణం పెట్టి నమ్మిన బేలిస్, నాకిప్పుడు తెలియట్లేదు అంటాడు. పన్నెండు గంటల్లో వాళ్ళు సంపాదించింది ఇంతే, ఒకరి నమ్మకం ఇంకొకరికి మారింది. ఆ తర్వాత ఆరు సీజన్లు నడిచినా, 1996లో బేలిస్ మళ్ళీ దాన్ని తవ్వినా, అడీనా కేసు తేలలేదు. 1988లో సైమన్ కళ్ళముందు జరిగిన అసలు కేసు కూడా అంతే. అక్కడ అనుమానం ఒక దుకాణదారుడి మీద. ఎన్నిసార్లు కూర్చోబెట్టినా ఆయన ఒప్పుకోలేదు, ఆయన మీద ఎవరూ అభియోగం మోపలేదు.

మనం పోలీసు కథలు రెండు రకాలు చూస్తూ పెరిగాం. మొదటి రకంలో లాఠీ మన చేతిలో ఉంటుంది. 'గబ్బర్ సింగ్'లో స్టేషన్‌లో రౌడీలని వరసగా కూర్చోబెట్టి కొడుతూ అంత్యాక్షరి ఆడిస్తే 2012లో థియేటర్ ఊగిపోయింది. నేనూ ఊగాను. ఆ సీన్ ఇప్పటికీ యూట్యూబ్‌లో చూసి నవ్వుతాను. రెండో రకంలో లాఠీ మన వీపు మీద పడుతుంది. 2015లో వచ్చిన వెట్రిమారన్ 'విసారణై' అలాంటిది. మాది గుంటూరు. ఆ సినిమా మొదటి సగం గుంటూరులోనే. పొట్టకూటికి వచ్చిన తమిళ కుర్రాళ్ళని చెయ్యని దొంగతనం ఒప్పుకోమని మన పోలీసులు రోజుల తరబడి కొడతారు. తెర మీద కొట్టేవాడు తిట్టే తిట్లు మా వీధిలో విన్న తిట్లే. సబ్‌టైటిల్స్ లేకుండా నాకర్థమైన డైలాగులన్నీ కొట్టేవాళ్ళవే అని చాలాసేపటికి గాని తట్టలేదు.

ఈ రెండు రకాల సినిమాలూ ఒకదానికొకటి శత్రువులనుకుంటాం. కానీ రెండూ మనకి ఒకే సాయం చేస్తాయి. ఎవరు చేశారో ముందే చెప్పేస్తాయి. రౌడీ రౌడీయే అని ఫస్టాఫ్‌లో చూశాం కాబట్టి దెబ్బ పడితే ఈల వేస్తాం. కుర్రాళ్ళు అమాయకులని చూశాం కాబట్టి దెబ్బ పడితే కన్నీళ్ళు పెట్టుకుంటాం. 'జై భీమ్' చూసి ఏడ్చినవాడే మర్నాడు ఇంకో సినిమాలో ఎన్‌కౌంటర్‌కి విజిల్ వెయ్యగలగడం దీనివల్లే. వాడు మారలేదు, వాడికిచ్చిన సమాచారం మారింది. రెండు చోట్లా మన మనస్సాక్షికి పని లేదు. స్క్రిప్టే ఆ పని చేసిపెట్టింది.

'త్రీ మెన్ అండ్ అడీనా' ఆ సాయం చెయ్యదు. హత్య చూపించదు. ఫ్లాష్‌బ్యాక్ ఉండదు. గది బయట ఏం జరిగిందో మనకి ఆ ఇద్దరు డిటెక్టివ్‌లకి తెలిసినంతే తెలుసు. ఆ తెలియనితనంలో మనల్ని కూర్చోబెట్టి, పైపు దగ్గర ఏమనిపించిందో చూసుకోమంటుంది. నిర్దోషిని హింసించకూడదని ఎవరైనా అంటారు. ఇతను నిర్దోషో కాదో తెలియదు, బహుశా దోషే, పైగా చూస్తే అసహ్యం వేసే మనిషి. ఇప్పుడు చెప్పు అంటుంది.

ఇంటరాగేషన్ గురించి మన చట్టానికి ఎప్పట్నుంచో ఒక అనుమానం ఉంది. 1872 నాటి సాక్ష్యచట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరాన్ని కోర్టులో ముద్దాయి మీద రుజువుగా వాడకూడదు. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలోనూ అది అలాగే ఉంది. అంటే పెంబుల్టన్ పన్నెండు గంటల కష్టం ఇక్కడ కోర్టులో చిత్తుకాగితం. అమెరికాలో పోలీసులు అబద్ధాలాడి ఒప్పించినా చాలాసార్లు చెల్లుతుంది. కాగితం మీద చూస్తే మనదే ఎక్కువ జాగ్రత్త. కానీ మన ఇంటరాగేషన్ ఆగేది కోర్టులో కాదు, ప్రెస్ మీట్‌లో. 'నిందితుడు నేరం అంగీకరించాడు' అని టీవీలో స్క్రోలింగ్ వచ్చిందంటే మన ఇళ్ళల్లో తీర్పు అయిపోయినట్టే. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో ఒక విద్యార్థిని హత్యకి గురైంది. పోలీసులు ఒక పేద కుర్రాణ్ణి పట్టుకున్నారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చిలో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. ఎనిమిదేళ్ళకి పైగా జైల్లో ఉన్నాడు. ఆ అమ్మాయిని చంపిందెవరో మనకి ఇప్పటికీ తెలియదు. అడీనా విషయంలో బేలిస్‌కి తెలియనట్టే. తేడా ఏంటంటే, తెలియట్లేదు అన్న మాట పైకి అన్న పోలీసు ఒకడు ఆ ఎపిసోడ్‌లో ఉన్నాడు.

ఇక నా సంగతి.

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి, చంపి, కాల్చేశారు. బాధితురాలి పేరు చెప్పకూడదు కాబట్టి ఆమెని 'దిశ' అన్నారు. నలుగురు లారీ డ్రైవర్లు, క్లీనర్లని పట్టుకున్నారు. నేరం వరసగా ఎలా జరిగిందో పోలీసులు ప్రెస్ మీట్‌లో వివరించారు. హైదరాబాద్ వారం రోజులు ఉడికిపోయింది. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర ఆ నలుగుర్నీ పోలీసులు కాల్చి చంపారు. తుపాకులు లాక్కుని తిరగబడ్డారని చెప్పారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు.

నేను ఆ పొద్దున బస్సులో ఆఫీసుకి వెళుతున్నాను. అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసి, "చూశావురా, మంచి పని చేశారు" అంది. అమ్మకి నా చెల్లెలు గుర్తొచ్చి ఉంటుంది. చెల్లెలు అప్పుడు హాస్టల్‌లో ఉండి చదువుకుంటోంది. "చూశానమ్మా" అన్నాను. ఫోన్ పెట్టేసి, ఎవరో పంపిన మెసేజ్ ఒకటి మా ఫ్యామిలీ గ్రూప్‌లో, కాలేజీ గ్రూప్‌లో ఫార్వర్డ్ చేశాను. దాన్లో పోలీసులకి సెల్యూట్, జెండా, నాలుగు బుల్లెట్ బొమ్మలు. నాలుగు, సరిగ్గా లెక్కపెట్టి పెట్టినట్టు.

ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడిది మక్తల్. చనిపోయిన ఆ నలుగురిదీ అదే నారాయణపేట జిల్లా. అందరూ స్వీట్లు తింటుంటే వాడు తీసుకోలేదు. మెల్లగా అడిగాడు: "అన్నా, గాళ్ళే చేసిన్రని మనకెట్ల దెలుసు?"

"పోలీసులు చెప్పారు కదరా" అన్నాను.

వాడు ఇంకేం అనలేదు. స్క్రీన్ వైపు తిరిగిపోయాడు. నాకు కొంచెం చిరాకేసింది కూడా, మంచి పూట అపశకునం మాట్లాడినట్టు.

నాలుగు నెలల తర్వాత, పైపు దగ్గర ముందుకి వంగిన నా ఒంట్లోకి ఆ ప్రశ్న తిరిగొచ్చింది. నాకేం తెలుసు? నేను హత్య చూడలేదు. ఫ్లాష్‌బ్యాక్ చూడలేదు. ప్రెస్ మీట్ చూశాను. టకర్ కేసులో కనీసం మసి మరక ఎక్కణ్ణుంచి వచ్చిందో బేలిస్‌కి తెలుసు, నాకు అదీ తెలియదు. అయినా ఫస్టాఫ్ అంతా చూసి కూర్చున్నవాడిలా ఈల వేశాను. 2022 మేలో సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గట్టు లేదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని అది తేల్చింది. ఆ నలుగురు ఆ నేరం చెయ్యలేదని నేను ఇక్కడ అనట్లేదు. చేశారో లేదో తేల్చే గదిని మనమే మూసేశాం అంటున్నాను. బాక్స్‌లో టకర్‌కి పన్నెండు గంటలు దొరికాయి, చివర్లో తలుపు తెరుచుకుని ఆయన ఇంటికెళ్ళే అవకాశం దొరికింది. అదెంత పెద్ద సంగతో 2020లో గాని నాకర్థం కాలేదు.

ఎపిసోడ్‌ని నెత్తిన పెట్టుకుని ఊరేగించే ఉద్దేశం లేదు. దీన్లో నాకు ఎప్పుడూ గుచ్చుకునే లోపం ఒకటుంది, అది పేరులోనే ఉంది. ముగ్గురు మగాళ్ళు, 'మరియు' అడీనా. ఆ పిల్ల ఫొటోల్లో తప్ప లేదు. ఆమెకేం ఇష్టమో, ఆ గుర్రాన్ని ఏమని పిలిచేదో, ఎందుకు అక్కడికి వెళ్ళేదో ముసలాయన నోటితో తప్ప తెలియదు, ఆ నోటిని నమ్మలేం. ఆమె చావు మీద నిలబడి ముగ్గురు మగాళ్ళు తమ తమ చీకట్లు కనిపెట్టుకుంటారు. బేలిస్‌కి తన భయం, పెంబుల్టన్‌కి తన గర్వం, టకర్‌కి తన సిగ్గు దొరుకుతాయి. అడీనాకి ఏమీ దొరకదు. చచ్చిపోయిన ఆడపిల్ల మీద నడిచే క్రైమ్ కథలన్నిట్లోనూ ఉన్న జబ్బే ఇది. ఎంత బాగా రాసినా జబ్బు జబ్బే.

రాసినవాళ్ళకి ఆ సంగతి తెలుసేమో అనే అనుమానం కూడా ఉంది. తెలియకపోతే ఆ పేరు అలా పెట్టరు. తెలిసీ దిద్దుకోలేదంటే ఇంకా ఎక్కువ తప్పు అని మా చెల్లెలు వాదిస్తుంది. దానికి ఈ ఎపిసోడ్ నచ్చలేదు. "ముగ్గురూ ఏడుస్తూనే ఉన్నారన్నయ్యా, ఆ పిల్ల కోసం ఒక్కడూ ఏడవలేదు" అంది. నిజమే. ఆ మాటకొస్తే 2019లో నేను పంపిన మెసేజ్‌లోనూ చనిపోయినామె గురించి ఒక్క ముక్క లేదు. పోలీసుల గురించి ఉంది, బుల్లెట్ల గురించి ఉంది, మగతనం గురించి ఉంది. అమ్మ భయం నిజం, చెల్లెలి హాస్టల్ నిజం, ఆ వారమంతా మా అందరి కోపం నిజం. అంత నిజమైన కోపం నాలుగు బుల్లెట్ బొమ్మలతో తృప్తి పడిపోయింది. ఆ తర్వాత రాత్రి పూట టోల్‌గేట్ల దగ్గర లైట్లున్నాయా, పోయినవాళ్ళ కోసం వచ్చిన ఇంటివాళ్ళ మాట స్టేషన్‌లో వెంటనే వింటున్నారా అని నేను మళ్ళీ అడగలేదు. నేరం ఒప్పించడం అయిపోయింది, శిక్ష అయిపోయింది, ఎపిసోడ్ అయిపోయింది.

ఆండ్రే బ్రావర్ 2023 డిసెంబర్‌లో చనిపోయినప్పుడు దీన్ని మళ్ళీ చూశాను. ఈసారి అతన్నే చూద్దామనుకున్నాను. అతను గదిలోకి వచ్చినప్పుడు కుర్చీ లాక్కునే తీరు, గొంతు తగ్గించి వంగే తీరు, అమ్మకం కుదరబోతోందని కళ్ళల్లో కనపడే ఆ చిన్న మెరుపు. అందరూ చెప్పేదే, గొప్ప నటన. కానీ రెండోసారి చూస్తే నాకు ఆగి చూడాలనిపించింది ఆ చివర్లో, వాడే చేశాడు అనే దగ్గర. అంత తెలివైనవాడు, ఎదటివాడి మనసులో ఏముందో ఇట్టే పట్టేవాడు, అంతసేపు నమ్మనివాడు, ఎందుకు నమ్మాడు? కొత్త సాక్ష్యం ఏదీ రాలేదు. తనని మాటలతో పొడిచిన మనిషి మీద కసి వచ్చిందా? అలసిపోయాడా? పన్నెండు గంటలు ఖర్చుపెట్టాక ఖాళీ చేతుల్తో బయటికి రావడం ఇష్టం లేకపోయిందా? బ్రావర్ మొహంలో ఈ మూడూ ఉన్నాయి, ఏదీ తేల్చడు.

టకర్ చేశాడా లేదా? మొదటిసారి చూసినప్పుడు చెయ్యలేదనుకున్నాను. రెండోసారి చేశాడనిపించింది. ఈ వ్యాసం కోసం మొన్న మూడోసారి చూశాను. పైపు దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాను, కావాలని. అయినా ఒళ్ళు కొంచెం ముందుకే వంగింది.

మక్తల్ కుర్రాడు ఉద్యోగం మారి పుణె వెళ్ళిపోయాడు. ఈ ఎపిసోడ్ సంగతి వాడికి ఎప్పుడూ చెప్పలేదు. ఇది అచ్చయ్యాక లింక్ పంపుదామనుకుంటున్నాను. మా ఫ్యామిలీ గ్రూప్‌లో 2019 డిసెంబర్ 6 దాకా పైకి వెళితే ఆ మెసేజ్ ఇంకా ఉంది. కింద పద్నాలుగు మంది చప్పట్లు కొట్టారు.